బహుమతిగా చాక్లెట్ వద్దు

ఎక్కాలు అప్పజెప్పినా, డిక్టేషన్‌లో తప్పులు రాకపోయినా టీచర్లు పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టే అలవాటు మానాలి. మా వీధి బడిలో చూస్తున్నాను, పదకొండింటికి చాక్లెట్ తిన్న పిల్లలు మధ్యాహ్నం అన్నం సగం కూడా ముట్టకుండా బాక్సు మూసేస్తున్నారు, దక్కని పిల్లాడేమో పక్కవాడి చేతిలోని రేపర్ వైపే చూస్తూ కూర్చుంటాడు, ఇక పాఠం ఏం ఎక్కుతుంది? కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది, అలాంటిది తరగతి గదిలో టీచరే పంచితే ఎలా? పిల్లలకు మెచ్చుకోలు కావాలి, నిజమే. ఆ రోజు బెల్లు కొట్టే అవకాశమో, లైబ్రరీలో నచ్చిన పుస్తకం ముందుగా తీసుకునే వీలో, ఆటకు పది నిమిషాలు అదనమో ఇవ్వండి. విద్యాశాఖ ఈ మేరకు అన్ని బడులకూ, ముఖ్యంగా ప్రైవేటు బడులకు, వెంటనే సర్క్యులర్ పంపాలి.