కేథరిన్ రాణి వేయించుకున్నది టీకా కాదు

సంపాదకులకు,

రష్యాను ఏలిన కేథరిన్ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో పేజీ అంతా కుట్రలకీ, కోటలకీ, ప్రియులకీ సరిపోయింది. ఆవిడ చేసిన అసలు సాహసానికి దక్కింది ఒక్క వాక్యం. అదీ తప్పే. 1768లో మశూచి టీకా వేయించుకుందని రాశారు. అప్పటికి టీకా ఎక్కడుంది? ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ ఆవు మశూచి రసంతో టీకా వేసింది 1796 మే నెలలో. కేథరిన్ చనిపోయింది కూడా ఆ ఏడాదే. ఆవిడ ఎక్కించుకున్నది మనిషికి వచ్చే అసలు మశూచి రసాన్నే.

పుట్టుక రీత్యా ఆవిడ జర్మన్. 1729లో స్టెటిన్‌లో పుట్టిన సోఫీ. తండ్రిది అన్‌హాల్ట్-జెర్బ్‌స్ట్ అనే చిన్న సంస్థానపు వంశం, ఉద్యోగం ప్రష్యా సైన్యంలో. పద్నాలుగేళ్లకే రష్యా చేరి, మతం మారి కేథరిన్ అయింది. 1745లో పెళ్లి. దానికి కొన్ని నెలల ముందే పెళ్లికొడుకు పీటరుకు అమ్మవారు పోసి, ముఖమంతా స్ఫోటకపు మచ్చలు పడ్డాయి. అంతకుముందు, 1730లో, రెండో పీటరు చక్రవర్తి పద్నాలుగేళ్లకే ఆ జబ్బుతో పోయాడు. గద్దెనెక్కాక కొడుకు పాల్ గురించి ఆవిడ పడ్డ బెంగకు ఇంత వెనకటి కథ ఉంది.

ఇంగ్లండు నుంచి థామస్ డిమ్స్‌డేల్ అనే వైద్యుణ్ణి పిలిపించింది. పాతకాలపు వైద్యులు చర్మాన్ని లోతుగా కోసేవారు, గాయం చీము పట్టేది. డిమ్స్‌డేల్ లాన్సెట్ అనే చిన్న శస్త్రచికిత్స కత్తి మొనతో పైపైన చిన్న గాటు పెట్టి, కొత్తగా లేచిన పొక్కులోని పచ్చి రసాన్ని నేరుగా అంటించేవాడు. ముందు కొన్నాళ్లు మాంసం, మద్యం మాన్పించేవాడు. ఆ తర్వాత, మూసిన గదిలో దుప్పట్లు కప్పి పడుకోబెట్టకుండా చల్లగాలిలో తిరగమనేవాడు. వారానికి జ్వరం, కాసిని పొక్కులు, అంతే. మామూలుగా సోకితే నూటికి ఇరవై, ముప్ఫై మంది పోయే జబ్బు ఇలా ఎక్కిస్తే ఒకరిద్దరితో ఆగేది.

కానీ ఆ ఒకరిద్దరిలో రాణి ఉంటే? అందుకే వైద్యుడు దేశం దాటిపోవడానికి దారి పొడవునా గుర్రాలను సిద్ధం చేయించింది. ఇంకో చిక్కు, రసం ఎక్కించుకున్న మనిషి నుంచి ఇతరులకు పూర్తి మశూచే అంటుకునేది. అందుకే రసం ఎక్కించుకున్న రాత్రి గడవగానే ఆవిడ రాజధాని వదిలి త్సార్‌స్కోయె సెలో వెళ్లిపోయింది. రసం ఇచ్చిన పిల్లవాడు మార్కోవ్‌కు తర్వాత ప్రభువంశ హోదా ఇచ్చింది. రసం తీస్తే ఇచ్చినవాడు చస్తాడని జనం భయపడేవారు మరి. ఆవిడ కోలుకున్నాకే కొడుకుకూ చేయించింది.

తేదీ అక్టోబరు 12 అనీ 23 అనీ రెండు రకాలుగా కనిపిస్తుంది. రెండూ ఒక రోజే, రష్యా పాత పంచాంగం 11 రోజులు వెనక నడిచేది.

నెల్లూరు, ఒంగోలులో గ్రూప్స్‌కు చదివే పిల్లలు మీ ఆదివారం పేజీలు కత్తిరించి దాచుకుంటారు. 1768నూ 1796నూ విడివిడిగా చూపిస్తూ వచ్చే ఆదివారమే సవరణ వేయండి.

— చరిత్ర అధ్యాపకుడు, కావలి