అడ్వాన్స్ కట్టే ముందు ఒక్కసారి కాలేజీ చూసి రండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఒక ఇంటర్ కాలేజీ పీఆర్వోలు, అంటే అడ్మిషన్ల కోసం తిరిగేవాళ్లు, ఊళ్లో ఇంటింటికీ తిరిగి మన టెన్త్ పిల్లల్లో ముగ్గురి ఇళ్లల్లో అడ్వాన్స్ కట్టించుకుని వెళ్లారు, అప్పట్నుంచి గ్రూపులో ఒకటే మెసేజులు, మేమూ కట్టాలా సార్, సీట్లు అయిపోతాయా అని. పరీక్షలే ఇంకా రాయలేదండి పిల్లలు.

హాల్ టికెట్‌లో తప్పు పడకుండా పేరు, పుట్టిన తేదీ ఒకసారి ఆఫీసులో చూసి సంతకం పెట్టండి, సాయంత్రం స్పెషల్ క్లాసులు సోమవారం నుంచి మామూలే.

ఇక అసలు సంగతి. ఫ్లెక్సీ మీద ర్యాంకులు చూసి పిల్లల్ని పంపకండి. ఆ ర్యాంకులు ఏ బ్రాంచివో, మీరు చేర్చే బ్రాంచిలో ఎంతమంది రాస్తే ఎంతమంది పాసయ్యారో అడగండి. ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కాలేజీల లిస్టు ఉంటుంది, అందులో పేరుందో లేదో చూడండి. హాస్టల్లో బాత్రూములు చూడండి, అన్నం తినే టైముకి వెళ్లండి, గేటు బయట సెకండియర్ పిల్లల్ని పక్కకి పిలిచి ఎన్నింటికి పడుకుంటారు, ఒంట్లో బాలేకపోతే ఇంటికి ఫోన్ చేయనిస్తారా అని అడగండి, పీఆర్వో చెప్పనివన్నీ వాళ్లే చెప్తారు. గేదెని కొనాలంటే నాలుగు ఊళ్లు తిరిగి పాలు పిండి చూసి కొంటాం కదా, పిల్లాడి రెండేళ్లకి ఒక్క పూట తిరగలేమా?

అన్నిటికంటే ముందు పిల్లల్ని అడగండి. మన బడి బోరు మోటర్ ఆగిపోతే స్టార్టర్ విప్పి బాగుచేసిన బాబు ఉన్నాడు, బంగారం లాంటి పిల్లాడు, పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానంటాడు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే బీటెక్ సెకండియర్‌లోనే చేరొచ్చు. కానీ వాళ్లింట్లో ఎంపీసీకి డబ్బు కట్టేశారు, నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. మన బడిలో చదివి బాసర ట్రిపుల్ఐటీలో సీటు కొట్టిన అమ్మాయి సంక్రాంతికొచ్చి క్లాసులో మాట్లాడింది, టెన్త్ మెరిట్ మీదే సీటు, ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ అని ఆ పిల్ల చెప్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో మాట, కోప్పడుతున్నా అనుకోకండి. లక్ష రూపాయల ఫీజు గురించి అడిగే మీరే రాత్రి పన్నెండు దాకా పిల్లల చేతిలో ఫోన్ ఎందుకుందో అడగట్లేదు, ఫస్ట్ పీరియడ్‌లో సగం క్లాసు నిద్రపోతోంది. దయచేసి తొమ్మిదింటికి ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి.

శనివారం మధ్యాహ్నం రెండింటికి నేను మండలంలో ఉన్న గవర్నమెంట్ జూనియర్ కాలేజీ చూడ్డానికి వెళ్తున్నా, అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, లెక్చరర్లతో నేరుగా మాట్లాడొచ్చు. వచ్చేవాళ్లు బడి గేటు దగ్గరికి రండి, పిల్లల్ని కూడా తీసుకురండి.

ఇట్లు,
మీ హెచ్ఎం