ప్రోవో కోర్టు కథ

లీహై, యూటా
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, నాలుగు తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, పాపకి బడి మొదలైంది, నా ఉద్యోగం ఇంకా ఊడలేదు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా ఆఫీసులో మార్మన్ (యూటాలో బాగా ఎక్కువగా ఉన్న ఒక క్రైస్తవ శాఖ) పెద్దాయన ఒకడున్నాడని చెప్పాగా? టీ, కాఫీ ముట్టడు. డైట్ కోక్ మాత్రం బక్కెట్టంత గ్లాసుతో తెచ్చుకుంటాడు. (నువ్వేమంటావో తెలుసు, శనివారం మీ బాబాయి ఉపవాసం!) మొన్న భోజనాల దగ్గర ఆయనే మొదలెట్టాడు.

1996లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక వీడియో షాపు మీద పోలీసులు పడ్డారట. పెద్దలకు మాత్రమే బాపతు క్యాసెట్లు. మన సెంటర్లో పరదా వెనకాల ఉండేవి చూడు, అవే. ఆ పరదా వెనక నుంచి లెక్కల మాస్టారు బయటికొచ్చిన రోజు... వద్దులే, ఈ ఉత్తరం మా చెల్లెమ్మ కూడా చదువుతుంది.

కేసు 2000లో ప్రోవో కోర్టుకొచ్చింది. ప్రోవో అంటే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఉన్న ఊరు, మార్మన్ల కంచుకోట. ఇక్కడి చట్టంలో ఒక మెలిక ఉంది. ఏది అశ్లీలమో తేల్చాలంటే ఆ ప్రాంతపు జనం దేన్ని సహిస్తారో కూడా చూడాలి. అంటే ఆ ఊళ్లో షాపువాడి పని అయిపోయినట్టే కదా? అక్కడే వాడి లాయరు తెలివి చూడు. కోర్టుకి ఎదురుగా ఏముంది? మారియట్ హోటల్! సాక్షాత్తూ మార్మన్ కుటుంబం పెట్టిన కంపెనీ! మనిషిని పంపి, గది టీవీలో డబ్బు కడితే వచ్చే ఆ సినిమాల్నే రికార్డు చేయించాడు. అంతటితో ఊరుకున్నాడా, శాటిలైట్ టీవీ లెక్కలూ లాగించాడు. ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం ఇళ్లల్లో తలుపులేసుకుని దండిగా కొంటున్నారని తేలింది. జ్యూరీ నిమిషాల్లో నిర్దోషి అనేసింది!

నవ్వి నవ్వి నాకు పొలమారింది. తర్వాత మాత్రం ఎందుకో మండింది. షాపువాడేం ధర్మరాజు కాదు, వాడిదీ డబ్బు యావే. కానీ చిన్నవాడి మీదకి పోలీసులు, పెద్దవాడి చేతికి రిమోటూనా?

పోయిన నెల పని మీద మారియట్‌లో దిగాను. సొరుగు లాగితే బైబిల్, పక్కనే నీలం అట్టతో మార్మన్ల పవిత్ర గ్రంథం, బుక్ ఆఫ్ మార్మన్. ఒకప్పుడు ఈ సొరుగున్న గదిలోనే ఆ సినిమాల మెనూ కూడా ఉండేదన్నమాట! 1927లో వాషింగ్టన్‌లో రూట్ బీర్ (పేరుకే బీరు, తీపి కూల్ డ్రింకు) కొట్టుతో మొదలైన వ్యాపారం అది. పెట్టినాయన యూటావాడే, జె. విల్లర్డ్ మారియట్. మార్మన్ రాజకీయ నాయకుడు మిట్ రామ్నీ అసలు పేరు కూడా విల్లర్డే, ఈయన మీద అభిమానంతో పెట్టిందే. రామ్నీ ఏళ్ల తరబడి ఆ కంపెనీ బోర్డులో కూర్చున్నాడు. 2007లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకి దిగినప్పుడు ఆ సినిమాల్ని ఎందుకు ఆపలేదని బాగానే నిలదీశారు.

కొత్త హోటళ్లలో అవి ఉండవని మారియట్ చెప్పింది 2011 జనవరిలో. అప్పటికి జనం ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే తెచ్చుకుంటున్నారు, గది సినిమాల రాబడి పడిపోయింది. ధర్మం గుర్తొచ్చిందా, గల్లాపెట్టె చూసుకున్నారా? రెండూనేమో. వాళ్ల మతం వద్దన్న మందూ హోటల్లో అమ్ముతారు, అది అతిథి మర్యాద అనుకుందాం. కానీ మార్మన్లు సంపాదనలో పదోవంతు చర్చికిస్తారు కదా, ఆ పదోవంతులో ఈ డబ్బు కూడా ఉన్నట్టేనా అని పెద్దాయన్ని అడిగేశాను. ఆయన పగలబడి నవ్వి, "నేను హోటల్ నడపట్లేదు బాబూ" అన్నాడు. తప్పించుకున్నాడా, నిజం చెప్పాడా, నాకింకా...

అన్నట్టు 2016లో ఇదే యూటా అశ్లీల చిత్రాల్ని ప్రజారోగ్య సంక్షోభమని తీర్మానించింది, అదింకో పెద్ద కథ... పాప కారు దగ్గర నిలబడి అరుస్తోంది, ఈత క్లాసుకి టైమైపోయింది. మిగతాది ఫోన్లో. ఆ మాస్టారి సంగతి ఎక్కడా అనకు!

నీ
బావ