పుస్తకం మూసి చెప్పమ్మా

పలాస,
ఆదివారం రాత్రి

చిన్నీ,

సాయంత్రం నువ్వు ఫోన్ పెట్టేశాక మనసంతా నీ దగ్గరే ఉండిపోయింది. "నాలుగుసార్లు చదివానమ్మా, పేపర్ చూడగానే అంతా పోయింది" అన్నావు. కిడ్నీ పాఠంలో రక్తం తెచ్చే అఫరెంట్, తీసుకుపోయే ఎఫరెంట్ నాళాలు తారుమారు చేశానని ఏడ్చావు.

నువ్వు చదవలేదని నేను అనుకోను. కానీ పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపు అన్నీ వచ్చినట్టే ఉంటాయి తల్లీ. నర్సింగ్ చదివేటప్పుడు నాకూ అలాగే అయ్యేది. అందుకే ఒకసారి చదివాక పుస్తకం మూసెయ్. తెల్లకాగితం మీద నెఫ్రాన్ బొమ్మ, అదే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న గొట్టం బొమ్మ గియ్యి. గీస్తూ ప్రతిచోటా 'ఎందుకు' అని అడుగు. రక్తం తెచ్చే అఫరెంట్ నాళం వెడల్పు, తీసుకుపోయే ఎఫరెంట్ సన్నం. ఎందుకు? వచ్చిన రక్తం అంత తేలిగ్గా బయటికి పోకూడదు, లోపల ఒత్తిడి పెరగాలి, అప్పుడే వడపోత జరుగుతుంది. ఇది అర్థమైతే ఆ రెండు పేర్లూ ఇక తారుమారు కావు.

అంకెలు కూడా విడివిడిగా బట్టీ పట్టకు. గుండె ఒకసారి కొట్టుకుంటే సుమారు 70 మి.లీ. రక్తం పంపుతుంది, నిమిషానికి 72 సార్లు. గుణిస్తే 5 లీటర్లు. అందులో దాదాపు ఐదో వంతు కిడ్నీలకు పోతుంది. అక్కడ నిమిషానికి 125 మి.లీ. వడకడుతుంది. దాన్ని 60తో, మళ్లీ 24తో గుణించు, రోజుకి 180 లీటర్లు వస్తాయి. మూత్రంగా పోయేది లీటరున్నర. మిగతాదంతా మళ్లీ రక్తంలోకే. ఒకటి గుర్తుంటే రెండోది నువ్వే లెక్కకట్టుకోవచ్చు.

నా డయాలసిస్ డ్యూటీ సంగతి నీకు తెలుసు. ఉద్దానం ఊళ్ల నుంచి వస్తారు, కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో కష్టపడ్డ మనుషులు. వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. అక్కడ అంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మిషన్ పక్కన నిలబడ్డప్పుడల్లా నీ పాఠమే గుర్తొస్తుంది. మిషన్‌లో రక్తానికి పొరకి అవతల పారే ద్రవంలో యూరియా ఉండదు, అందుకే రక్తంలో ఉన్న యూరియా అటు పోతుంది. ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి. ఈ మాట పట్టుకుంటే ప్రశ్న ఎలా తిప్పి అడిగినా రాస్తావు.

జెనెటిక్స్‌కి రోజూ ఒక క్రాస్ (సంకరణం లెక్క) చాలు. రెండు లక్షణాల క్రాస్‌కి 9:3:3:1 అని నిష్పత్తి రాసి ఊరుకోకుండా పట్టికలో పదహారు గళ్లూ నింపు. నీట్‌లో 180 ప్రశ్నలకి 90 బయాలజీవే కదా, అక్కడ తప్పుకి ఒక మార్కు పోతుంది. టెస్టులో తప్పయినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకో, ఎందుకు తప్పయిందో కూడా పక్కనే రాయి. రాత్రి పదకొండు దాటి మాత్రం కూర్చోకు.

మీ పెద్దమ్మ బుధవారం అటు వస్తోంది. తెల్లకాగితాల కట్ట, నాలుగు పెన్సిళ్లు, కాస్త వేయించిన జీడిపప్పు పంపుతున్నాను. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు నెఫ్రాన్ మొత్తం నాకు చెప్పు. మధ్యమధ్యలో ఎందుకు అని అడుగుతాను, నెఫ్రాన్ గొట్టం వంపు తిరిగే హెన్లీ లూప్ దగ్గర ఎక్కువ అడుగుతాను.

అమ్మ