వార్షిక నివేదిక 2024–25: పడమటి మెట్ట, సోలార్ ప్రతిపాదన, మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో నన్ను రెండోసారి కార్యదర్శిగా ఎన్నుకున్నప్పుడు చెరువు పూడికతీత, విత్తనకాయల పంపిణీ, పశువైద్య శిబిరం ఈ మూడే పెద్ద పనులు అనుకున్నాం. మూడూ జరిగాయి. పూడికమట్టి అడిగిన ప్రతి రైతు చేనికీ చేరింది. విత్తనకాయలు ఆలస్యంగా వచ్చినా తొలకరి పదును దాటకముందే పంచేశాం. శిబిరంలో గొర్రెలకు, మేకలకు టీకాలు వేయించాం. ఈ పనులకు ట్రాక్టర్లు ఇచ్చినవాళ్లకు, డీజిల్ ఖర్చు తామే పెట్టుకున్నవాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఏడాదిలో మన టైమంతా తీసుకున్నది మాత్రం పడమటి మెట్ట మీద వస్తుందంటున్న సోలార్ ప్లాంటు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మన సంఘం సోలార్‌కు అడ్డం పడుతోందని బయట ప్రచారం చేస్తున్నారు. అది నిజం కాదు. వాన సరిగ్గా పడని జిల్లాలో వేరుశనగ వేసి, పెట్టుబడి కూడా రాక, ఆఖరికి కట్టె (ఎండిన వేరుశనగ మొక్కలు) కోసి పశువులకు మేపుకున్న సంవత్సరాలు మనందరికీ ఉన్నాయి. ఏటా ఖాయంగా వచ్చే కౌలు డబ్బు చాలా ఇళ్లకు అవసరం. కార్యవర్గం చేసిన తీర్మానం మూడే ముక్కలు: భూమి అమ్మేది లేదు, లీజు అయితే మాట్లాడదాం. అగ్రిమెంట్ మొత్తం తెలుగులో చదివి అర్థమయ్యాకే సంతకం. వంక, బండిబాట, గొర్రెలు పోయే దారి కంచె లోపలికి పోకూడదు.

ఉగాదికి ముందు ఇద్దరు మధ్యవర్తులు ఇంటింటికీ తిరిగి పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు అడిగారు. పక్కింటివాళ్లు ఇచ్చేశారని మనకు, మనం ఇచ్చేశామని పక్కింటివాళ్లకు చెప్పారు. అది తెలిసిన రోజే సంఘం ఆఫీసులో అత్యవసర సమావేశం పెట్టాం. అప్పటికే కొంతమంది ఇచ్చేశారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టొద్దని మళ్లీ మనవి చేస్తున్నాను.

మనలో చాలామంది ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారుగా, అప్పుడు చూసుకుందాం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ సోలార్ విద్యుత్ ప్లాంట్లు 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. గనికో, సిమెంటు ఫ్యాక్టరీకో పెట్టినట్టు వీటికి సభ పెట్టాల్సిన పనిలేదు. రైతుతో నేరుగా లీజు రాసుకుంటే అది భూసేకరణ కాదు కాబట్టి 2013 భూసేకరణ చట్టం ప్రకారం జరిపే సామాజిక ప్రభావ సర్వే కూడా ఉండదు. అంటే మన మాట వినడానికి ఎవరో వచ్చి కుర్చీలు వేస్తారని కూర్చుంటే లాభం లేదు. మన సభ మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి చెప్పి మా కళ్లు తెరిపించిన వకీలు గారు ఫీజు కూడా తీసుకోలేదు. వారికి ఎంత చెప్పినా తక్కువే.

పావగడ వెళ్లి చూసొచ్చాం. మూడు వైపులా ఆంధ్ర ఉన్న కర్ణాటక తాలూకా అది. తిరుమణి చుట్టుపక్కల దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. అక్కడ భూమి కొనలేదు, లీజుకే తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతారు. అక్కడివాళ్లందరికీ తెలుగు వచ్చు కాబట్టి మనసు విప్పి మాట్లాడారు. పదెకరాలు, ఇరవై ఎకరాలు ఉన్నవాళ్లు సంతోషంగా ఉన్నారు. కౌలు డబ్బుతో అప్పులు తీర్చారు, పిల్లల్ని బెంగళూరులో చదివిస్తున్నారు. భూమి లేనివాళ్ల కథ వేరు. కలుపు తీయడానికి, కాయలు కోయడానికి పోయే ఆడవాళ్లకు ఊళ్లో పని పోయింది. వాచ్‌మన్ పని, సోలార్ పలకలు కడిగే పని, గడ్డి కోసే పని కొందరికే దొరికాయి. మేపు లేక మందలు అమ్ముకున్నామని కాపరులు చెప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మన సంఘంలో భూమి లేని సభ్యులు, కాపరులు కూడా ఉన్నారని గుర్తుపెట్టుకోండి.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది రామాలయం అరుగు మీద అగ్రిమెంట్ చదివిన రాత్రి. కంపెనీ ఇచ్చిన కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది. రిటైరైన మన మాస్టారు, బీటెక్ చదువుతున్న ఆయన మనవరాలు కలిసి పది రోజులు కూర్చుని తెలుగులోకి మార్చారు. వినాయక చవితి కమిటీ మైకు తెచ్చాం. మాస్టారు ఒక్కో షరతూ చదవడం, ఆగడం, అర్థమైందా అని అడగడం. చేతులెత్తితే గాని తర్వాతి దానికి పోలేదు. ఆడవాళ్లు మెట్ల దాకా నిండిపోయారు.

పెంపు షరతు దగ్గర ఆ అమ్మాయి లేచి బడి నుంచి తెచ్చిన నల్లబల్ల మీద లెక్క వేసింది. మనకు చెప్పిన రేటు ఎకరాకు ఏడాదికి 31 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఆ 5 శాతం మొదటి 31 వేల మీదేనా, పెరిగిన మొత్తం మీదనా అన్నది కాగితంలో లేదు. 31 వేల మీదే అయితే ఇరవై ఏడో ఏట వచ్చేది 51,150 రూపాయలు. పెరిగిన మొత్తం మీద అయితే 58,455. ఎకరాకు, ఒక్క ఏడాదికి 7,305 రూపాయల తేడా. ఒక్క మాట రాయకపోవడం వల్ల! సుద్దముక్క కింద పెట్టి ఆ అమ్మాయి తిరిగి చూసేసరికి అరుగు కింద ఉన్న మగవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత ముసలావిడ ఒకామె, రెండెకరాల ఆసామి, మేం వద్దనుకుంటే ఎప్పుడు బయటికి రావొచ్చు నాయనా అని అడిగింది. మాస్టారు ఆ షరతు మళ్లీ చదివారు. నోటీసు ఇచ్చి కంపెనీ వెళ్లిపోవచ్చు. రైతుకు ఆ వీలు లేదు. లీజు హక్కును కంపెనీ బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చనీ ఉంది. కౌలు మొదలయ్యేది కరెంటు ఉత్పత్తి మొదలైన రోజు నుంచి అని ఉంది. అంటే కంచె వేసి, సాగు ఆపించి, రెండేళ్లు పని చేయకపోయినా మనకు పైసా రాదు.

ఈ నాలుగు షరతుల మీద రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపాం. రెండుసార్లు మాట్లాడాక, కౌలు సంతకం నాటి నుంచే ఇస్తామనీ, తెలుగు ప్రతి కూడా జత చేస్తామనీ కంపెనీ ప్రతినిధి రాసిచ్చారు. పెంపు లెక్క, రైతు బయటికొచ్చే వీలు, తాకట్టు, ఈ మూడూ ఇంకా తేలలేదు. తేలేదాకా ఎవరూ విడిగా సంతకం చేయకూడదన్న తీర్మానం అలాగే ఉంది.

వంక విషయం. కంపెనీ మ్యాపులో పడమటి వంక లేదు. ఎండాకాలంలో చూస్తే అది ఇసుక, కంపచెట్లు తప్ప ఏమీ కనిపించదు. కానీ చెరువుకు వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం దాని గుండానే వస్తాయి. మన కాపరి పెద్దాయన ముందు నడుస్తూ కర్రతో చూపిస్తుంటే, వెనకాల పిల్లలు సున్నం పోస్తూ గుట్ట మొదటి నుంచి చెరువు అలుగు దాకా గీత గీశారు. ఒక చోట ఆయన ఆగి, రాతి మీద పాచి మరక చూపించి, పెద్దవాన వచ్చిన ఏడు నీళ్లు ఇక్కడిదాకా ఎక్కాయి అని మోకాలు మీద చెయ్యి పెట్టి చూపించారు. ఆ గీత పక్కన గ్రామ నక్షా పెట్టి చూస్తే రెండూ ఒకటే. ఫొటోలు, నక్షా కాపీ కలిపి అర్జీ పెట్టాం.

ఆ అర్జీ కోసం సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. జాయింట్ సర్వేకు మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ సంబంధిత అధికారులు రాలేదు. మూడోసారి ఆడవాళ్లు కూలి మానుకుని, ఎండలో మధ్యాహ్నం దాకా మెట్ట మీద నిలబడ్డారు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నామన్నారు. కూలి పోగొట్టుకున్నవాళ్లకు ఎవరు సమాధానం చెప్పాలి? చివరికి నాలుగోసారి ఇచ్చిన తేదీకి వచ్చారు, వంకనూ బండిబాటనూ కంచె బయట ఉంచాలని పంచనామా రాశారు. దాని కాపీ సంఘం ఫైలులో ఉంది. గొర్రెల దారి మాత్రం రికార్డులో లేదని వదిలేశారు. దాని మీద మళ్లీ అర్జీ వేశాం.

మన వాళ్ల గురించి కూడా చెప్పాలి. సర్వే నెంబర్ల వారీగా కమిటీ వేసినప్పుడు పదిహేను మంది పేర్లు ఇచ్చారు. పనికి వచ్చింది ఆరుగురు. ముఖ్యంగా డి పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్) భూముల వివరాలు రాసే పని మొత్తం ఇద్దరి మీద పడింది. ఆ భూములకు 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది, పట్టా ఎవరి పేరున ఉంది, సాగులో ఎవరున్నారు అన్నది ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే రేపు కౌలు ఎవరికి అన్న దగ్గర అన్నదమ్ములే కొట్టుకుంటారు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడానికి ఉన్న తీరిక సాయంత్రం ఒక గంట ఆఫీసుకు రావడానికి ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. బాధగా ఉంది కాబట్టే రాస్తున్నాను.

జమాఖర్చులు: సభ్యత్వ రుసుము, చందాలు, పావగడ ప్రయాణం, జిరాక్సులు, మైకు, టీ ఖర్చులు అన్నీ కోశాధికారి రాసిన పట్టికలో ఉన్నాయి. ఆఫీసు గోడకు అంటించాం. ఆడిటు పూర్తయింది. బస్సు బాకీ కొంత ఉంది, వచ్చే నెలలో తీర్చేస్తాం.

మాస్టారికి, ఆయన మనవరాలికి, కాపరి పెద్దాయనకు, నల్లబల్ల ఇచ్చిన బడి హెడ్మాస్టరు గారికి, సర్వే రోజుల్లో మజ్జిగ పంపిన స్వయం సహాయక సంఘాల అక్కచెల్లెళ్లకు, అరుగు ఇచ్చిన రామాలయం కమిటీకి, ఊళ్లో లేకపోయినా చందా పంపిన బెంగళూరు పిల్లలకు పేరుపేరునా ధన్యవాదాలు.

అగ్రిమెంట్ తెలుగు ప్రతి ఇంటికొకటి చొప్పున ఆఫీసులో ఉంది. ఇంకా తీసుకోనివాళ్లు రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లండి. పట్టా భూమి ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఆడవాళ్లలో ఒకరైనా వచ్చి తీసుకుంటే బాగుంటుంది. డి పట్టా ఉన్నవాళ్లు పట్టా జిరాక్సు, అడంగల్ (సాగు రికార్డు) కాపీ ఈ నెలాఖరులోగా ఇవ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి