వినికిడిని కాపాడే మందు కావాలి

సంపాదకులకు,

జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ప్రాణం నిలుపుతాయి. కొందరికి వినికిడిని శాశ్వతంగా పోగొడతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే కేశకణాల కొసన, అయాన్లు (విద్యుదావేశ కణాలు) వెళ్లే ద్వారాల గుండా మందు దూరి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. చచ్చిన కేశకణం మనిషిలో మళ్లీ పుట్టదు.

ఆ ద్వారాన్నే కాసేపు మూసే మందుల కోసం పరిశోధన సాగుతోంది. జీబ్రా చేపపిల్లల చర్మం మీదే ఇలాంటి కణాలుంటాయి కనుక రసాయనాలను వాటిపై త్వరగా పరీక్షించి పనికొచ్చేవి ఏరవచ్చు. ఓఆర్‌సీ-13661 అనే రక్షక మందుకు మూలం అలా దొరికిందే. అసలు చిక్కల్లా, రక్షక మందు యాంటీబయాటిక్ బలాన్ని తగ్గించకూడదు. రెండూ కలిపి బ్యాక్టీరియాపై పరీక్షించని ఫలితాన్ని మేం నమ్మలేం.

ప్రయోగాల్లో వినికిడి కొలతను 8,000 హెర్ట్జ్ దగ్గరే ఆపేయొద్దు. నష్టం అంతకు పైస్థాయి శబ్దాల్లోనే మొదలవుతుంది. 16,000 దాకా చూడాలి. మొదటి డోసుకు ముందు, కోర్సు నడుస్తుండగా, ముగిశాక కొన్ని నెలలకు కూడా. మందు ఆపాక సైతం నష్టం పెరగొచ్చు.

– వినికిడి పరిశోధకులు