మా బాక్సైట్‌లోని గాలియం సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

చిప్‌ల వార్త వస్తే తైవాన్, అమెరికా, చైనాల పేర్లే చదువుతుంటాం. నిజమే, అత్యాధునిక చిప్‌లలో దాదాపు 90 శాతం తైవాన్‌లోనే తయారవుతున్నాయి. చైనాకు అలాంటి చిప్‌లు, వాటిని చేసే యంత్రాలు అందకుండా 2022 అక్టోబరులో అమెరికా ఆంక్షలు పెట్టింది. చైనా ఊరుకోలేదు. 2023 ఆగస్టు నుంచి చిప్‌లలో వాడే గాలియం, జెర్మేనియం అనే మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ గాలియం మా రాయగడ, కోరాపుట్ జిల్లాలకు సంబంధించిన విషయం.

నేను రాయగడలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఈమధ్య కుర్రాళ్లు గాన్ ఛార్జర్లు అడుగుతున్నారు. అరచేతిలో పట్టేంత ఉండి లాప్‌టాప్‌ను కూడా ఛార్జ్ చేస్తాయి. వాటిలో ఉండేది గాలియం నైట్రైడ్. కొత్త యుద్ధవిమానాల రాడార్లలోనూ అదే వాడుతున్నారు.

గాలియానికి విడిగా గనులు ఉండవు. అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌లో టన్నుకు సగటున 50 గ్రాములు ఉంటుంది. అల్యూమినా (అల్యూమినియం తయారుచేసే తెల్లటి పొడి) కోసం బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో కరిగించినప్పుడు ఇదీ కొంత కరిగి, తిరిగి తిరిగి వాడే ఆ ద్రావణంలోనే పోగవుతుంది. అక్కడ ప్రత్యేక యూనిట్ పెట్టి తీసుకోవాలి. చైనా తన అల్యూమినా రిఫైనరీలకు అలాంటి యూనిట్లు పెట్టుకుంది కాబట్టే ప్రపంచంలో ముడి గాలియం దాదాపు అంతా ఈరోజు దాని చేతిలో ఉంది.

కోరాపుట్ జిల్లాలో పంచపట్‌మాలి కొండ మీద తవ్విన బాక్సైట్ కన్వేయర్ బెల్టు మీద దామన్‌జోడి రిఫైనరీకి దిగుతుంది. మా జిల్లాలో టికిరి దగ్గర మరో రిఫైనరీ ఉంది. అల్యూమినాలో కొంత రైలెక్కి విశాఖ రేవుకు పోతుంది, అల్యూమినా తీశాక మిగిలే వ్యర్థమైన ఎర్ర బురద మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. ఇప్పటికే తవ్వుతున్న ఖనిజం నుంచే గాలియం తీయమని నా మనవి. దీని పేరు చెప్పి ఆదివాసుల కొండ ఇంకొకటి తవ్వుతామంటే ఒప్పుకోను.

2025 ఆగస్టులో భువనేశ్వర్‌కు సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీ మంజూరైంది. చాలా సంతోషించాను. కానీ భువనేశ్వర్ మాకు రాత్రంతా రైలు ప్రయాణం. మా పిల్లలు ఐటీఐ చదివి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డులుగా చేరుతున్నారు. గాలియం యూనిట్ వస్తే ల్యాబ్‌లో, ప్లాంటులో వాళ్లకు ఇక్కడే పని దొరుకుతుంది.

కేంద్రం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గాలియం ఉంది. మరి ఇక్కడి ద్రావణంలో ఎంత గాలియం ఉంది, ఎంత తీస్తున్నారు, ఎప్పటికి పూర్తిగా తీస్తారు? మీ విశాఖ విలేకరులను దామన్‌జోడికీ టికిరికీ పంపి అడిగించండి. వాళ్లు చెప్పిన జవాబు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)